క్యాంపు: బంగాళాఖాతం

మెట్టపంటల విత్తన నాణ్యతా మండలి అనంతపురం కార్యాలయానికి సముద్రం గురించిన మొదటి దరఖాస్తు ఫిబ్రవరి పదకొండో తారీఖున వచ్చింది. పెట్టుకున్నవాడు సీనియర్ అసిస్టెంట్ పెన్నోబిలేసు. దానికి స్టాంపు వేసి లోపలికి పంపినవాణ్ణి నేను. డిస్పాచి సెక్షన్లో కూర్చునేవాడికి ఏ కాగితం ఎంత దూరం పోతుందో ముందుగా తెలిసే వీలుండదు కాబట్టి, జరిగినదానిలో నా తప్పేమీ లేదని మొదటే మనవి చేసుకుంటున్నాను.

ఓబిలేసు రిటైర్మెంటుకు అప్పటికి ఏడాది ఉంది. ముప్పైనాలుగేళ్ల సర్వీసులో సెలవు ప్రయాణ రాయితీ ఒక్కసారి కూడా వాడుకోలేదు. అతని భార్య యశోద టెలిఫోన్ ఎక్స్‌చేంజిలో ఆపరేటరుగా చేసి ముందటేడే రిటైరయింది. ముప్పై ఏళ్లపాటు జిల్లాలో ఎవరికి ఎవరితో పనిపడినా ముందు ఆమెనే పిలిచారు. ఇక ఆమెకు ఒకటే కోరిక మిగిలింది. చుట్టూ నీళ్లు తప్ప మరేమీ కనిపించని చోట, ఎవరో వండిపెడితే తింటూ, ఎవరికీ బదులు చెప్పకుండా నాలుగు రోజులు కూర్చోవాలి.

మద్రాసు రేవు నుంచి అలాంటి విహార నౌకలు రెండు కంపెనీలవి బయల్దేరుతున్నాయి. ఒకటి నీలహంస, రెండోది రాజమీన్. రెండూ తిప్పేది నాలుగు రోజులే. రెండూ ఒకే వైపు పోయి ఒకే వైపు నుంచి తిరిగొస్తాయి. రెండింటి కరపత్రాల్లోనూ ఒకే జంట అవే కుర్చీల్లో కూర్చుని అదే నవ్వు నవ్వుతూ ఉంటుంది. నీలహంస బొమ్మలో కిటికీ కాస్త పెద్దదిగా ఉందని యశోద దాన్ని ఎంచుకుంది. ఈ ఎంపికకు పట్టిన సమయం కాఫీ చల్లారేంత. అదే ఎంపిక మా మండలి మొదలుపెట్టి ఏడు నెలలు దాటింది, ఇంకా జరుగుతూ ఉంది.

దరఖాస్తు చూసి మా రీజనల్ మేనేజరు ధనుంజయమూర్తి గారు ఓబిలేసును పిలిపించారు. ఆయన మాట్లాడుతుంటే ఉత్తర్వు చదువుతున్నట్టు ఉంటుంది. మీరు నీలహంస అని రాశారు గానీ రాజమీన్ ఎందుకు కాదో రాయలేదేమని ఆయన అడిగారు.

"కిటికీ పెద్దదిగా ఉందని మా ఇంటామె అనింది సార్," అన్నాడు ఓబిలేసు.

"ఇంటామె అభిప్రాయం రికార్డు కాదు. పరిశీలన అనేది ఒకటుంటుంది."

తర్వాత బీరువాలోంచి ఒక సర్క్యులర్ తీయించారు. ఎప్పుడో గోనెసంచులు కొనే రోజుల్లో హెడ్డాఫీసు పంపినది. పోటీ సంస్థలు ఒకటికి మించి ఉన్నప్పుడు తులనాత్మక పరిశీలన లేకుండా సిబ్బంది ఏ ఎంపికా చేయరాదని అందులో ఉంది. గోనెసంచులు అన్న మాట శీర్షికలో ఉంది గానీ లోపల ఎక్కడా లేదు. శీర్షిక ఆజ్ఞ కాదని మేనేజరు గారు నిర్ణయించారు. వారంలోగా ఓడల ఎంపిక సంఘం ఏర్పడింది. అధ్యక్షులు ఆయనే. సాంకేతిక సభ్యుడు విత్తన పరిశీలకుడు ఫకీరప్ప. దరఖాస్తుదారు భార్యతో వెళ్లబోతున్నాడు కాబట్టి భార్యల పక్షాన చూసేవారు కూడా ఒకరు ఉండాలని మూడో సభ్యురాలిగా మేనేజరు గారి సతీమణిని తీసుకున్నారు.

పరిశీలన దేని ప్రకారం చేయాలన్న ప్రశ్న రాలేదు. మా ఆఫీసులో పరిశీలనకు ఉన్న ఫారం ఒక్కటే, ఫారం ఏడు. అది వేరుశెనగ విత్తనాలది. మొలక శాతం, తేమ శాతం, భౌతిక స్వచ్ఛత, కేళీలు, వేర్పాటు దూరం అని గడులుంటాయి. కేళీలంటే పొలంలో అసలు రకంతో కలవకుండా వేరేగా పెరిగే మొక్కలు. పై నుంచి 'పొలం' అన్నచోట కొట్టేసి 'ఓడ' అని రాసుకుని సంఘం మార్చిలో నీలహంస ఎక్కింది.

నాలుగో రోజు తర్వాత నివేదిక నా బల్ల మీదికి వచ్చింది. మొదటి పేజీ పైన కుడిపక్క 'క్యాంపు: బంగాళాఖాతం' అని ఉంది. ఎనిమిది వందల గదులున్న ఓడలో నూటికొకటి చొప్పున ఎనిమిది గదుల్లో నిద్రించి నమూనా తీసుకున్నారు. ఎక్కినవారు పదహారు వందలు, దిగినవారూ పదహారు వందలే కాబట్టి మొలక శాతం నూటికి నూరు. చుట్టుపక్కల మరో ఓడ కనిపించలేదు కనుక వేర్పాటు దూరం సంతృప్తికరం. ఎవరితోనూ కలవకుండా మూల కూర్చుని పుస్తకం చదువుకుంటున్న ప్రయాణికులు ఇద్దరు, వారిని కేళీలుగా నమోదు చేశారు. తేమ దగ్గర మాత్రం చిక్కు వచ్చింది. తొమ్మిది శాతం మించకూడదు. ఫకీరప్ప తేమ మీటరును తాడు కట్టి ఓడ పక్కన దించితే ముల్లు చివరిదాకా పోయింది. ఆ తర్వాత మీటరు కూడా పోయింది.

ఏప్రిల్‌లో రాజమీన్ ఎక్కారు. అన్ని గడుల్లోనూ అవే అంకెలు వచ్చాయి, మరో మీటరు పోయింది. తేడా ఒక్కటే. రాజమీన్‌లో ఉదయం ఇడ్లీతో వడ్డించిన చెనిక్కాయల చట్నీలో ఏ రకం వేరుశెనగ గింజ వాడారో తేలలేదు.

రెండూ సమానంగా నిలిచాయి కాబట్టి ఓబిలేసు లోపలికి పోయి, అయితే ఏదో ఒకటి మంజూరు చేయమని అడిగాడు. మేనేజరు గారు జాలిగా చూశారు. విత్తనానికి పరిశీలన మూడుసార్లు, పూతకు ముందు, పూతలో, కోతకు ముందు. ఒక్కసారి చూసి ధ్రువీకరణ ట్యాగు ఇచ్చిన చరిత్ర మండలికి లేదు. బడి సెలవుల్లో ఓడ నిండా జనం ఉంటారు కాబట్టి మే నెలను పూత దశగానూ, జులైని కోత దశగానూ నిర్ణయించామని, అంతదాకా ఓపిక పట్టాలని చెప్పారు.

ఇంట్లో ఈ సంగతి విని యశోద, ప్రయాణానికని కొన్న కొత్త సూట్‌కేసును మంచం కిందికి తోసిందట.

ఈలోగా కంపెనీల వాళ్లకు తెలిసింది. ఒక ప్రభుత్వ మండలి ఒకే నెల తేడాతో రెండు ఓడలనూ గది గదికీ తిరిగి చూసిందంటే వెనక ఎన్ని వేల మంది ఉద్యోగులు రాబోతున్నారో అని వాళ్లు లెక్క వేసుకున్నారు. మే మొదటి వారంలో నలభైమూడు డిగ్రీల ఎండలో నీలహంస ప్రతినిధి టై కట్టుకుని మా ఆఫీసుకు వచ్చాడు. వరండాలో రాజమీన్ ప్రతినిధి అప్పటికే కూర్చుని ఉన్నాడు. ఎంతమంది ప్రయాణం చేస్తారని ఇద్దరూ విడివిడిగా అడిగారు. విషయం పరిశీలనలో ఉందని మేనేజరు గారు ఇద్దరికీ ఒకటే జవాబు చెప్పారు. అది పూర్తిగా నిజం. ఇద్దరూ ఫారం ఏడు నకలు తీసుకుపోయారు. తదుపరి పరిశీలనలన్నీ తమ అతిథులుగానే జరగాలని రెండు కంపెనీలూ లిఖితపూర్వకంగా కోరాయి.

నెలాఖరుకు నీలహంస కొత్త కరపత్రం వచ్చింది. తమ ఓడలో తేమ ఎనిమిదిన్నర శాతమేనని అందులో ఉంది. పది రోజులకు రాజమీన్ వాళ్లు ఎనిమిది శాతమని వేసి, కేళీలు లేని ఏకైక ఓడ అని కింద పెద్ద అక్షరాల్లో అచ్చు వేయించారు. పుస్తకాలు చదివేవాళ్లను ఎక్కనివ్వడం మానేశారని తర్వాత తెలిసింది. నీలహంస వాళ్లు అంతటితో ఊరుకోక ఓడ దిగే ప్రతి ప్రయాణికుడికీ మొలక ధ్రువపత్రం ఇవ్వడం మొదలుపెట్టారు. జనం దాన్ని ఫ్రేము కట్టించుకుంటున్నారని ప్రతినిధి గర్వంగా ఫోన్ చేసి చెప్పాడు.

పూత దశ నివేదిక హెడ్డాఫీసు చేరాక మా డైరెక్టరు గారికి అనుమానం వచ్చింది. కింది అధికారి చూసిన పొలాన్ని పై అధికారి మళ్లీ చూడడాన్ని మా శాఖలో సూపర్ చెక్ అంటారు. ఈ సూపర్ చెక్ కోసం ఆయన స్వయంగా రాజమీన్ ఎక్కారు. ఒక్కసారి చూస్తే తేలదని అందులోనే ఉండిపోయారు. దాంతో రాజమీన్ డైరెక్టరు గారిదీ, నీలహంస మేనేజరు గారిదీ అయింది. జూన్ నుంచి హెడ్డాఫీసు ఉత్తరాలు కూడా బంగాళాఖాతం క్యాంపు నుంచే రావడం మొదలైంది.

అప్పుడు ఓబిలేసు భయపడ్డాడు. అతను నెమ్మదస్తుడు. తన సెలవు కోసం ఇంత యంత్రాంగం కదలడం అతనికి ఒంటి మీద తేళ్లు పాకినట్టు ఉండేది. కోత దశకు బయల్దేరుతున్న మేనేజరు గారి దగ్గరికి పోయి దరఖాస్తు వెనక్కి తీసుకుంటానన్నాడు.

"మీరు విషయాన్ని వ్యక్తిగతంగా చూస్తున్నారు ఓబిలేసు గారూ," అన్నారాయన, టోపీ సర్దుకుంటూ. "మీరు వెనక్కి తీసుకుంటే మేం ఇప్పటిదాకా ఎందుకు తిరిగినట్టు? ఆ ప్రశ్న రేపు ఎవరైనా అడిగితే జవాబు మీరు చెప్తారా?"

ఓబిలేసు చెప్పలేనన్నాడు. దరఖాస్తును ఉపసంహరించరాదని ఒక ఉత్తర్వు టైపు చేయించి అతని చేత సంతకం పెట్టించుకుని ఆయన రైలెక్కారు.

జులై రెండో వారంలో వాన పడింది. మూడేళ్ల తర్వాత మా జిల్లాలో అదునుకు పడిన వాన. గోడౌన్లో నాలుగు వేల మూటల వేరుశెనగ విత్తనం పరీక్షలన్నీ పూర్తయి సిద్ధంగా ఉంది. ఒక్కో మూటకు ఒక నీలం ట్యాగు, ట్యాగు మీద మేనేజరు సంతకం ఉండాలి. సంతకం లేకపోతే మూట గోడౌను దాటకూడదు. మూడో రోజుకు మారెక్క అనే రైతు ఇరవై మందిని వెంటబెట్టుకుని ఆఫీసుకు వచ్చింది. ఆమె కాళ్లకు ఇంకా తడి ఎర్రమట్టి ఉంది.

"సారు యాడుండాడప్పా?" అని ఓబిలేసును అడిగింది.

"సముద్రం మీద ఉండాడక్కా."

"వాన ఈడ పడితే ఆయప్ప ఆడికెందుకు పోయినాడు?"

ఓబిలేసు తల వంచుకున్నాడు. "నా సెలవు కాగితం కోసమే పోయినాడక్కా," అని చెప్పాడు. మారెక్క కోప్పడలేదు. ఆమెకు అర్థం కాలేదు, అంతే. ఎవరి సెలవైనా నాలుగు దినాలు ఆగుతుంది గానీ నేలలో పదును ఆగదని, ఇప్పుడు గింజ పడకపోతే ఈ ఏడు కూడా తన కొడుకులు బెంగళూరులో సిమెంటు మోయాల్సిందేనని నిదానంగా చెప్పి, మెట్ల మీద కూర్చుంది. మిగతావాళ్లూ కూర్చున్నారు.

ఓబిలేసు ఓడకు ఫోన్ చేశాడు. కలవలేదు. కంపెనీకి చేస్తే, మీ అధికారులు తేమ పరిశీలనలో ఉన్నారు, అంతరాయం కలిగించవద్దన్నారని చెప్పారు. అర్జెంటు ఉత్తరం నేనే పంపాను. క్యాంపు, బంగాళాఖాతం అన్న చిరునామా చాలదని తపాలా శాఖ దాన్ని తిప్పి పంపింది.

మర్నాడు పొద్దున ఓబిలేసు గోడౌను తెరిపించాడు. బల్ల వేసుకుని కూర్చుని మొదటి ట్యాగు మీద 'మేనేజరు సముద్రంపై ఉన్నందున వారి బదులుగా' అని రాసి సంతకం పెట్టాడు. సంతకం పెట్టిన ప్రతిసారీ పెన్నుకు మూత పెట్టాడు. పదో ట్యాగు నుంచి మూత పెట్టడం మానేశాడు. యశోద అన్నం క్యారియరు తెచ్చి, సంగతి చూసి, ఇంటికి పోకుండా అక్కడే కూర్చుని ట్యాగులకు దారాలు ఎక్కించింది. రెండు రోజుల్లో నాలుగు వేల మూటలూ వెళ్లిపోయాయి. నేనూ సాయం చేశాను. తారీఖు స్టాంపు మాత్రమే వేశాను.

మా జిల్లాలో ఆ ఏడు వేరుశెనగ ఎట్లా మొలిచిందో చెప్పడానికి మా దగ్గర ఫారం ఏడు ఉంది. తొంభైనాలుగు శాతం.

అభియోగ పత్రం ఆగస్టులో వచ్చింది. మొదటి అభియోగం, సముద్రంపై ఉన్న అధికారి సంతకాన్ని నేలపై ఉండి చేయడం. రెండోది ఇంకా తీవ్రమైనది. అధికారం లేని సంతకం ఉన్న విత్తనం తొంభైనాలుగు శాతం మొలవడం వల్ల, అధికారం ఉన్న సంతకం అవసరమా అన్న అనుమానం ప్రజల్లో కలిగి మండలి గౌరవానికి భంగం వాటిల్లిందని, మొలకెత్తకుండా నివారించేందుకు నిందితుడు ఏ చర్యా తీసుకోలేదని రాశారు.

దాని వెనకే విచారణ ఉత్తర్వు. ఫిర్యాదు చేసిన అధికారి ఎక్కడ విధుల్లో ఉంటే అక్కడే విచారణ జరగాలన్నది నియమం. మేనేజరు గారు నీలహంసలో ఉన్నారు. కోత దశ ముగిసినా ఫలితాలు మళ్లీ సమానంగానే వచ్చాయి కాబట్టి మరుసటి పంట పరిశీలన మొదలుపెట్టారు. అందువల్ల నిందితుడు సెప్టెంబరు రెండున మద్రాసు రేవులో నీలహంస ఎక్కాలి. తన తరఫున మాట్లాడేందుకు ఒక సహాయకుణ్ణి తెచ్చుకోవచ్చు. ఇది విచారణే గానీ విహారం కాదు కాబట్టి తులనాత్మక పరిశీలన అవసరం లేదని చివర గమనిక ఉంది.

ఓబిలేసు సహాయకుడి పేరు దగ్గర యశోద అని రాశాడు. రైతుల దగ్గర్నుంచి వెనక్కి తెప్పించిన నాలుగు వేల ట్యాగులూ, మిగతా రికార్డులూ అప్పగించడానికి నన్ను పంపారు.

విచారణ ఓడలోని నాట్యశాలలో పెట్టారు. పొద్దున పూట అక్కడ ఎవరూ ఆడరు. పైన అద్దాల గోళం తిరుగుతూ మా ఫైళ్ల మీద రంగు చుక్కలు వేస్తోంది. హెడ్డాఫీసు నుంచి వచ్చిన విచారణాధికారి పూల చొక్కా వేసుకుని, దాని మీద మెడలో గుర్తింపు కార్డు తగిలించుకున్నాడు. ధనుంజయమూర్తి గారు ఆరు నెలల ఎండకు రాగి రంగు తేలారు. అభియోగాలు చదివాక విచారణాధికారి చెప్పింది సూటిగా ఉంది. తప్పు ఒప్పుకుంటే విచారణ ఈ రోజే ముగుస్తుంది. విచారణ ముగిసిన నిందితుణ్ణి ఓడలో ఉంచే నిబంధన లేదు కాబట్టి మరుసటి ఉదయం ఓడ ఆగే రేవులో దింపి బస్సెక్కిస్తారు.

ఓబిలేసు నిలబడ్డాడు. సంతకం పెట్టింది తనే. అబద్ధం ఆడడం అతని వల్ల కాదు. ఒప్పుకుంటున్నానని చెప్పడానికి అతను గొంతు సవరించుకోవడం నాకు వినిపించింది. యశోద అతని చొక్కా అంచు పట్టుకుని కిందికి లాగింది. ఏం చెప్పిందో విచారణాధికారికి వినబడలేదు గానీ వెనక కూర్చున్న నాకు వినబడింది.

"ఏం తొందరండీ? నాలుగో దినం ఒప్పుకోండి."

ఓబిలేసు అధికారి వైపు తిరిగి, నాలుగు వేల ట్యాగుల్లో ఏ సంతకం తనదో ఒక్కొక్కటి చూస్తే తప్ప చెప్పలేనన్నాడు. ముప్పైనాలుగేళ్ల సర్వీసులో అతను ఆడిన అబద్ధం అదొక్కటే అనుకుంటాను. అది అబద్ధం కూడా కాదు, పరిశీలన. విచారణాధికారి మొహం వికసించింది. ఆయనకూ ఓడ కొత్త. నిందితుడి కోరిక సహజ న్యాయానికి అనుగుణంగా ఉందని రాసుకుని, తొందరపడి ఎవరూ పొరపాటు చేయకూడదని, పూటకు ఒక గంట మించి చూడవద్దని ఆదేశించాడు.

ఆ నాలుగు రోజులు యశోద కిటికీ దగ్గర కూర్చుంది. కిటికీ నిజంగానే పెద్దది. మొదటి రోజంతా నిద్రపోయింది. రెండో రోజు లేచి నీళ్లను చూస్తూ, ఇన్ని నీళ్లు ఈడ పెట్టుకుని మనకు వాన అంత పిసినారిగా ఎందుకు పడతాదో అని అడిగింది. జవాబు కోసం అడిగినట్టు లేదు. మూడో రోజు సాయంత్రం భార్యాభర్తలిద్దరూ పై అంతస్తులో కమ్మీ పట్టుకుని నిలబడి ఉంటే చూశాను. ఓబిలేసు ఆమెకు ఏదో చెబుతున్నాడు, ఆమె నవ్వుతోంది. ట్యాగుల సంగతి కాదనే అనుకున్నాను.

నాలుగో రోజు మధ్యాహ్నం భోజనం తర్వాత అతను నాలుగు వేల సంతకాలూ తనవేనని ఒప్పుకున్నాడు. నేరం రుజువైంది.

శిక్ష ఉత్తర్వు మా ఊరికి వచ్చేసరికి నెల పట్టింది. మందలింపు, దానితోపాటు తర్వాతి ఇంక్రిమెంటు నిలుపుదల. అతని సర్వీసు ఇంకా అయిదు నెలలే ఉంది, తర్వాతి ఇంక్రిమెంటు అసలు లేదు. కాగితం పట్టుకుని నేనే వాళ్లింటికి వెళ్లాను. ఓబిలేసు చదివి, పోనీలే, ఇంతటితో వదిలిందని మడత పెట్టబోయాడు. యశోద ఆ కాగితం తీసుకుని కింది దాకా చదివింది. ముప్పై రోజుల్లోగా పై అధికారికి అప్పీలు చేసుకునే హక్కు ఉందన్న వాక్యం దగ్గర వేలు పెట్టి, అప్పీలు వినేది ఎవరని నన్ను అడిగింది.

డైరెక్టరు గారని చెప్పాను.

"ఆయన ఉండేది రాజమీన్‌లో కదప్పా?"

అవునన్నాను. ఆమె భర్త ముందుకు కాగితం, పెన్నూ జరిపింది.

"రాయండి. రెండోది కూడా చూస్తేనే కదా ఏది మేలో తెలిసేది."